లంబం తప్పిన కొంగు

వనపర్తి
సెప్టెంబరు 14

అన్నకు,

క్షేమమా అని అడగడం లేదు. అడిగే మనసు లేదు. నాలుగు రోజులుగా ఫోన్ చేస్తుంటే కట్ చేస్తున్నావు. నిన్నటి నుంచి నీ నంబరే కలవడం లేదు. అందుకే ఈ ఉత్తరం చీర మడతల్లో పెట్టి బస్సు పార్శిల్‌లో పంపిస్తున్నాను. సంచిలో ఏముందో చూడాలనైనా విప్పుతావు కదా.

అవును, నువ్వు నేసి పంపిన చీరే. వెనక్కి వస్తోంది.

మా హెడ్మాస్టరమ్మ రామేశ్వరమ్మ గారు రిటైర్ అవుతున్నారు, అందరం కలిసి ఒక గద్వాల చీర పెడదాం అనుకున్నప్పుడు స్టాఫ్ రూములో ముందుగా నోరు తెరిచింది నేనే. "దుకాణం చీర ఎందుకు? మా అన్న నేస్తడు" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. సభ రోజు ఆమె ముచ్చటపడి ఆ చీరే కట్టుకొని వేదిక మీద కూర్చున్నారు. కొంగు ఒక పక్కకు లాగుతోంది. సర్దుకుంటే మళ్లీ లాగుతోంది. కొంగు మీది అడ్డ చారలన్నీ ఒక వైపుకు ఒరిగి ఉన్నాయి. మా హిందీ టీచర్ శైలజ నా చెవి దగ్గరికి వచ్చి "కొంగు వంకర ఉన్నది, చూసినవా? నిజంగ మీ అన్న నేసిందేనా?" అంది.

బాగు చేయించి తెస్తానని చీర అడిగి తీసుకున్నాను. రామేశ్వరమ్మ గారు "పర్వాలేదమ్మా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

నిజం చెప్పు. ఎవరికి ఇచ్చావు ఈ చీర? శాలువా కప్పించుకున్నాక పని ఎక్కువైపోయి ఎవరి మగ్గం మీదో పడేశావా? మా ఎనిమిదో తరగతి పిల్లలు స్కేలు లేకుండా గీసినా గీత ఇంతకంటే నిటారుగా వస్తుంది. సొంత చెల్లెలిని నలుగురిలో నవ్వులపాలు చేయడానికి నీకు నా బడే దొరికిందా?

యామిని

---

గద్వాల
సెప్టెంబరు 20

యామినికి,

సంచి విప్పాను. ఉత్తరం చదివాను. పొయ్యిలో పెడదామని లేచి, జవాబు ఇచ్చాక పెడదామని ఆగాను.

ఇంకొకరి మగ్గం మీద పడేశానా? ఎంత మాట అన్నావు! నా మగ్గం మీద, నా గుంటలో కాళ్లు పెట్టి, నా చేత్తో నేసిన చీర అది. కొంగు మీద ఒక్క పోగుకు కూడా ఇంకొకరి చెయ్యి తగల్లేదు. జమ్ములమ్మ తల్లి మీద ఒట్టు. మొన్న చేనేత దినం నాడు సంఘం వాళ్లు ఊరికే శాలువా కప్పలేదు నాకు.

వంకర అంటావా? కళ్లజోడు పెట్టుకొని, కొంగు వెలుగులో పరిచి చూశాను. ప్రతి పోగూ ముందు పోగు పక్కనే, అంతే ఎడంతో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది. ఒకటి ఇంకోదాని మీదికి రాదు, దూరం జరగదు. మీ బడిలో దీన్నే సమాంతరం అంటారు కదా? సమాంతరంగా ఉన్నదాంట్లో వంకర ఎక్కడి నుంచి వచ్చింది? లెక్కల పంతులమ్మవు, నువ్వే చెప్పు.

చీర తిరిగి పంపుతున్నాను. తప్పు లేని చీరను తప్పని ఒప్పుకొని నా ఇంట్లో ఉంచుకోను.

మీ వదిన నాగర్‌కర్నూల్ పోయింది. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎప్పుడొస్తుందో తెలియదు. నా తిండి నేనే వండుకుంటున్నాను. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్ చేసి ఆమెను విసిగించకు.

సుధాకర్

---

వనపర్తి
సెప్టెంబరు 28

అన్నకు,

రామేశ్వరమ్మ గారికి దుకాణంలో ఇంకో చీర కొనిచ్చాం. ఆ గొడవ అయిపోయింది. ఇప్పుడు నాకు వేరే గొడవ మొదలైంది.

నువ్వే అడిగావు కాబట్టి పాఠం చెబుతాను, విను. చీరను బల్ల మీద పరిచి బడిలో వాడే మూలమట్టం తీసుకున్నాను. ఒక భుజం నిలువు పోగు మీద, అంటే పడుగు మీద. రెండో భుజం అడ్డ పోగు మీద, పేక మీద. నువ్వు నేయడం మొదలుపెట్టిన కొస నుంచి చూసుకుంటూ వచ్చాను. ఎక్కడ పెట్టినా లంబం, వెంట్రుక దూరే సందు లేదు. అలాగే ఉండాలి కూడా. పడుగు పోగులన్నీ ఒకదానికొకటి సమాంతరం కనుక, పేక వాటిలో ఒక్కదానికి లంబంగా పడితే చాలు, అన్నింటికీ లంబమే అవుతుంది.

కొంగు మొదలయ్యే చోట మూలమట్టం కింద సందు కనిపించింది. అక్కడి నుంచి చివరి దాకా అదే సందు. పెరగలేదు, తగ్గలేదు.

అంటే నువ్వు రాసింది అబద్ధం కాదు. కొంగులో పోగులన్నీ సమాంతరమే. దేనికి? ఒకదానికొకటి! మొదటిది ఒరిగింది. రెండోది దాన్ని చూసి అంతే ఒరిగింది. మూడోది రెండోదాన్ని చూసింది. ఒరిగిన గీతకు సమాంతరంగా ఎన్ని గీతలు గీసినా అన్నీ అంతే ఒరుగుతాయి. పేక నిటారుగా ఉందా లేదా అని పక్క పేకను అడిగితే ఏం చెబుతుంది? పడుగును అడగాలి. నువ్వు అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నూలు ఒంటికీ పట్టు అంచుకూ ప్రతి పోగు దగ్గరా కొక్కెం వేసి కలపాలి కనుక మన మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. కుడి పక్క నువ్వు, ఎడమ పక్క వదిన. పేక వేశాక దాన్ని కొట్టి బిగించే పన్నెను ఇద్దరూ చెరో పక్క పట్టి లాగి కొడితేనే అది నిటారుగా వచ్చి పడుతుంది. ఒక్క పక్క నుంచే లాగితే ప్రతిసారీ అంతే ఏటవాలుగా పడుతుంది. నాకు తెలియదనుకున్నావా? ఆ మగ్గం కిందే పాకి పెరిగాను.

కొంగు మీద ఇంకొకరి చెయ్యి తగల్లేదని ఒట్టు పెట్టావు. ఎందుకు తగల్లేదు? వదిన ఎక్కడికి పోయింది? చీర మగ్గం మీద ఉండగా అన్నానికి కూడా లేవని మనిషి, కొంగు మిగిలి ఉండగా మోకాళ్ల నొప్పులు చూడటానికి పోయిందంటే నేను నమ్మను. ఏం చేశావు ఆమెను? కొట్టావా? ఆమె తిరిగి రాకపోతే నీ మగ్గమే కాదు, నీ సంసారమూ అంతే. నిజం రాయి. లేకపోతే ఆదివారం కాకుంటే పై ఆదివారం నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కుతాను.

యామిని

---

గద్వాల
అక్టోబరు 6

యామినీ,

పోవద్దు. మొగుడూ పెళ్లాల మధ్యకు మూలమట్టం పట్టుకొని రావద్దు.

కొట్టలేదు. నా చెయ్యి ఎవరి మీదా లేవదు, నీకు తెలుసు. ఏం జరిగిందో రాస్తాను. చదివాక తప్పు ఎక్కడుందో నువ్వే వెతుక్కో.

చేనేత దినం సభలో శాలువా కప్పాక టీవీ వాళ్ల పిల్ల ఒకతె మైకు పట్టుకొని వచ్చింది. మీ వదిన భాగ్య నా పక్కనే నిలబడి ఉంది. ఆ పిల్ల భాగ్యను చూసి "మేడం, మీరు గూడ నేస్తరా?" అంది. నేను నవ్వుతూ "ఏ, లేదమ్మా, ఇంటి పని చూసుకుంటది. జర చేతి సాయం చేస్తది, అంతే" అన్నాను. అంతే అన్నాను! తిట్టానా, తక్కువ చేశానా? అందరు నేతగాళ్లూ చెప్పే మాటే కదా అది.

మర్నాడు భాగ్య ఎప్పటిలాగే మగ్గం మీద కూర్చుంది. చీర ఒళ్లంతా అయిపోయింది, కొంగు మొదలుపెట్టాలి. పేక పోగు వేసే నాడెను చేతిలోంచి తీసి గట్టు మీద పెట్టింది. "ఇగ నువ్వే నెయ్యి. నేను ఇంటి పని చూసుకుంటగద" అంది. ఇల్లు ఊడ్చింది, అంట్లు తోమింది, బట్టలు సర్దుకుంది, బస్సెక్కింది. నేను ఆపలేదు. ఎందుకు ఆపాలి?

నాన్న కుడి పక్కన కూర్చున్నాడు. అమ్మ ఎడమ పక్కన కూర్చుంది. నాన్న పేరు మీదనే చీరలు పోయాయి. అమ్మ ఏనాడైనా నా పేరేదీ అని అడిగిందా? నాన్న నడిచినట్టే నేనూ నడిచాను. ఈ కాలం ఆడవాళ్లకు ఒక్క మాట పడదు.

ఇంకో పడుగు ఎక్కించాను. ఒక్కడినే నేస్తున్నాను. పూర్తయ్యాక వచ్చి కొలుచుకో. ఎవరి సాయమూ లేకుండా గద్వాల చీర నిటారుగా వస్తుందని నీకూ ఆమెకూ ఇద్దరికీ చూపిస్తాను.

సుధాకర్

---

నాగర్‌కర్నూల్ బస్టాండు
అక్టోబరు 12

అన్నకు,

బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. కోపం చల్లారేలోపు రాసెయ్యాలని ఇక్కడే బెంచీ మీద కూర్చొని రాస్తున్నాను.

వదిన ఇక్కడ సుగుణమ్మ అనే ఆమె టైలరు దుకాణంలో చీరలకు ఫాల్స్ కుడుతోంది. నన్ను చూడగానే "మీ అన్న తోలిండా?" అంది. "లేదు వదినా, నేనే వచ్చిన" అన్నాను. "అయితే కూసో" అని స్టూలు జరిపింది.

చీర సంగతి, హెడ్మాస్టరమ్మ సంగతి, నీ ఒట్టు సంగతి అన్నీ చెప్పాను. చేతిలో సూది ఆపకుండానే విన్నది. తర్వాత ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. నా కలంతో మెత్తగా చేయను.

"శాలువ నాకు కప్పమన్ననా? స్టేజి ఎక్కుతనన్ననా? గా పిల్ల అడిగింది నన్ను, మీ అన్నను కాదు. నేను నోరు తెరిసే లోపట్నే చెప్పె. నేను నేస్తనో లేదో నాకు తెల్వదా? పెండ్లయిన ఏడాది సంది గా గుంటల కాళ్లు పెట్టి కూసుంటున్న. ఏడు నెలల కడుపుతోని గూడ కూసున్న, అప్పుడు గిదే మీ అన్న 'నువ్వు లేకుంటే కొంగు ఎట్ల పడుతది' అన్నడు. ఇంట్ల ఒక మాట, మైకు ముందల ఒక మాటనా?"

నేను నీ తరఫున ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడటానికి ఏముంది? అయినా నన్నూ వదల్లేదు. "నువ్వేమన్న తక్కువనా? బడిల ఏమని చెప్పినవ్? మా అన్న నేస్తడు అన్నవంట. నువ్వే చెప్తివి గద ఇప్పుడు. మా అన్న, మా వదిన నేస్తరు అంటే నీ నోరు నొస్తుండెనా?" అంది. ఆ మాటకు నా మీద నాకు వచ్చిన ఆ కోపం కూడా నీ మీదే చూపిస్తున్నాను, పడు.

అమ్మ పేరు అడగలేదంటావా? అమ్మను ఎవరైనా అడిగారా అన్నా? నువ్వు అడిగావా? నాన్న నడిచినట్టే నడిచానని గొప్పగా రాశావు. నీ కొంగులో జరిగింది సరిగ్గా అదే. ముందు పోగు ఎలా ఉంటే అలా కొట్టుకుంటూ పోయావు. నాన్నకు సమాంతరంగా ఉన్నావు, ఒప్పుకుంటాను. నిటారుగా ఉన్నావా అన్నది నాన్నను చూస్తే తెలియదు. నీ ఎదురుగా ఉన్న మనిషిని చూస్తే తెలుస్తుంది.

ఆమె వస్తానంటోంది. అదీ నీకు చెప్పమంది. "ఎందుకు రాను? గా మగ్గం నాది గూడ. గని ఒక్క చీర నేను కుడి పక్క కూసొని నేస్త. ఆయన ఎడమ పక్క కూసోవాలె. గట్లయితేనే వస్త. తప్పయింది గిప్పయింది అనే మాటలు నాకొద్దు. గవి మైకుల చెప్పుకొమ్మను."

నాకు ఇందులో ఒక్క అక్షరం కూడా తప్పనిపించలేదు. బస్సు వచ్చింది.

యామిని

---

గద్వాల
నవంబరు 9

యామినీ,

కుడి పక్క ఆమె కూర్చుంటుందా! ఆ పక్క నాన్న కూర్చున్నాడు. తాత కూర్చున్నాడు. నీ ఉత్తరం చదివి మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. నువ్వు నా చెల్లెలివా, ఆమె వకీలువా?

ఇప్పుడు రాసేది చదివి నవ్వితే ఇంకెప్పుడూ నా గడప తొక్కకు. వడ్రంగి బాలకిష్టయ్య దగ్గర మూలమట్టం అడిగి తెచ్చాను. మొదటి పేకను పడుగుకు పెట్టి చూసుకున్నాను, నిటారుగా వచ్చింది. ఇక దాని పక్కనే పోగులు కొట్టుకుంటూ పోతే చాలు, లంబానికి సమాంతరంగా పోయేది లంబమే కదా అనుకున్నాను. నువ్వు చెప్పిన లెక్కే. రెండు జానలు పోయాక చూస్తే సందు. పన్నె మళ్లీ కుడి పక్కకే వాలుతోంది. ఎడమ పక్కకు జరిగి కూర్చొని లాగాను. అటు ఒరిగింది. మధ్యలో కూర్చున్నాను, అంచుల నాడెలు అందవు. ఒక పక్క కొక్కెం వేసి లేచి రెండో పక్కకు పోయేసరికి మొదటి పక్క పోగు వదులవుతోంది. చీర కొంత దూరం ఇటు, కొంత దూరం అటు ఒరిగి పోయింది. నిన్న కత్తెర తీసుకొని మగ్గం మీది నుంచి కోసేశాను. పట్టును నా చేతులతో కోశాను యామినీ. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

పొద్దున సంఘం ప్రెసిడెంటు వెంకట్రాములు వచ్చాడు. మాఘమాసం పెళ్లిళ్ల చీరల గురించి. నన్ను చూడలేదు, ఖాళీ పక్కను చూశాడు. "భాగ్యమ్మ ఎప్పుడొస్తుంది సుధాకర్? ఆమె రాంది నీకు చీరలు ఎట్ల ఇయ్యాలె?" అన్నాడు. శాలువా కప్పినవాడే! అంటే అందరికీ తెలుసు. తెలిసే నా ఒక్కడి భుజం మీద కప్పారు. అప్పుడు ఎందుకు చెప్పలేదురా అని అరిచాను. "నువ్వు చెప్తవనుకున్నం" అన్నాడు. తలుపు వేసి పంపించాను.

సరే. నువ్వు ఆమెకు చెప్పు. సరే అన్నాడని చెప్పు. సరే అన్నానంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

సుధాకర్

---

వనపర్తి
నవంబరు 14

అన్నకు,

నేను చెప్పను.

ఆ మాట మైకులో అన్నది నీ నోరు. ఈ మాట రాయాల్సింది నీ చెయ్యి. నడుమ నన్ను నాడెలాగా అటూ ఇటూ విసరొద్దు. చిరునామా: భాగ్యమ్మ, సుగుణమ్మ టైలర్ షాపు, బస్టాండు ఎదురు సందు, నాగర్‌కర్నూల్.

సరే అన్నానంటే ఒప్పుకున్నట్టు కాదు అనే ముక్క అందులో రాయకు. రాస్తే ఆ ఉత్తరం కూడా నీ దగ్గరికే తిరిగొస్తుంది.

యామిని

---

గద్వాల
డిసెంబరు 21

యామినీ,

నువ్వు ఫోన్ చేస్తే ఎత్తకపోవడం కోపంతో కాదు. నోటితో చెప్పలేను కనుక రాస్తున్నాను.

నేనే రాసిన ఉత్తరం అందుకొని భాగ్య వచ్చి ఇరవై రోజులైంది. నాతో మాట్లాడదు. "పోగు తెగింది", "నాడెల కండె అయిపోయింది", ఇవే మాటలు. వచ్చిన నాడే కుడి పక్క గుంటలో దిగి కూర్చుంది. నేను ఎడమ పక్క దిగాను. ఊరంతా ఏదో పని పెట్టుకొని మా గుమ్మం ముందు నుంచి పోయింది. తల ఎత్తకుండా కూర్చున్నాను.

ఆ పక్క పని ఎలా ఉంటుందో నాకు ఇన్నాళ్లూ తెలియదు. అంచు నాడె అందాలంటే ప్రతి పోగుకూ నడుము ఒంచాలి. కొక్కెం వేసి, పన్నె వచ్చి పడేలోపు వేళ్లు తీసెయ్యాలి. మొదటి రోజే రెండు వేళ్లు నలిగాయి. ఆమె చూసింది, ఆగలేదు. పన్నె వేగం కుడి పక్క వాళ్ల చేతిలో ఉంటుంది. ఎడమ పక్క వాళ్లు దాన్ని అందుకుంటూ పోవాలి, అంతే. నేను ఇన్నేళ్లు ఎంత వేగంగా కొట్టానో నాకు ఇప్పుడు తెలిసింది.

చీర పూర్తయింది. ఆమె ఒక్కసారి కూడా ముందు పోగును చూడలేదు, పడుగునే చూసింది. బాలకిష్టయ్య మూలమట్టం పెట్టి కొస నుంచి కొస దాకా చూశాను. సందు లేదు.

నిన్న రాయచూరు నుంచి ఒక షావుకారు వచ్చాడు. చీర విప్పి, తిరగేసి, కొక్కెం వేసిన చోట గోటితో గీకి చూశాడు. "చెన్నాగిదె, చెన్నాగిదె" అని కన్నడంలో మెచ్చుకొని నా వైపు తిరిగి "ఎవరు నేసిన్రు?" అన్నాడు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందే భాగ్య "నేను" అంది. పక్కన నేను నిలబడి ఉన్నాను. నా పేరు లేదు. "మా ఆయన గూడ" అన్న మాట లేదు. అతను ఆమెకు దండం పెట్టి, చీర చంకన పెట్టుకొని పోయాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో ఎలా రాయాలి! అందులో సగం నాది, నా వేళ్లు చూడు, నా నడుము చూడు అని అతని వెంట వీధిలోకి పరుగెత్తాలనిపించింది. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఒక్క చీరకే నాకు అంత మండింది. ఆమెకు ఎన్ని చీరలు! అన్ని చీరల కోపాన్ని కడుపులో పెట్టుకొని నాకు అన్నం వడ్డించింది. అమ్మ నాన్నకు వడ్డించింది.

భాగ్య నా ముఖం చూసింది. వచ్చినప్పటి నుంచి అలా నిలబడి చూడటం అదే మొదటిసారి. దయ లేదు ఆ చూపులో. ఉండాలని నేను అనుకోను కూడా. "ఒక్క చీర అని చెప్పిన. అయిపోయింది. ఇప్పుడు చెప్పు, ఏ పక్క కూసుంటవ్?" అంది.

మాఘమాసం చీరలు ఆరు ఉన్నాయి. నేను ఎడమ పక్కనే దిగాను.

సుధాకర్